గుర్రాలు భద్రంగా ఉన్నాయి

మార్చి 17, 1918, ఆదివారం

మూడున్నరేళ్ళుగా మా బ్రిగేడ్ ఒకే ఒక్క సందు కోసం నిరీక్షిస్తున్నది. పదాతిదళం శత్రువు కందకాల వరుసను ఎక్కడో ఒకచోట ఛేదిస్తుంది. ఆ సందులోంచి మూడు రెజిమెంట్ల రౌతులమూ కత్తులు దూసుకొని అవతలికి పోయి యుద్ధాన్ని ముగిస్తాము. ఇదీ సిద్ధాంతం. ఆచరణలో రెండు వేల గుర్రాలకు వేళకు దాణా, వేళకు నీళ్ళు, వేళకు మాలీషు, మనుషులకు వర్షం.

మధ్యాహ్నం మెస్సులో మళ్ళీ వాదం పెట్టుకున్నాను. గురువారం నాడు, ఫిరంగుల కాలంలో గుర్రపు దళం ఒక ఖరీదైన జ్ఞాపకం మాత్రమేనని వాదించి నెగ్గాను. ఈ రోజు, గుర్రపు దళం లేనిదే ఈ యుద్ధాన్ని గెలవడం అసాధ్యమని వాదించి, అవే చేతులను పైకి లేపించి, మళ్ళీ నెగ్గాను. బ్రిగేడియర్ గారికి కుడిచేయి అయిన కెప్టెన్ వార్డ్‌లాకు ఇది నచ్చలేదు.

"ఇంతకీ నీకు నిజంగా ఏది అనిపిస్తుందయ్యా ఫెన్విక్?" అని అడిగాడు.

అది ఓడిపోయినవాళ్ళు అడిగే ప్రశ్న అని జవాబిచ్చాను. జాక్ పెండ్రిల్‌కు టీ పొలమారింది. ఆక్స్‌ఫర్డ్ చర్చాసభలో నన్ను ఓడించిన ఏకైక వ్యక్తి పెండ్రిల్. ఇక్కడ ముప్పైమంది రౌతులకు నాయకుడై, అవసరమైతే తప్ప నోరు విప్పడం మానేశాడు. నేను బ్రిగేడియర్ గారి సందేశాలను గుర్రంమీద మోసుకుపోయే ఆఫీసర్ని. మోయవలసింది మాటలే, నీకు సరిపోయిన ఉద్యోగం అంటాడు పెండ్రిల్.

మొన్నటినుంచి బ్రిగేడ్ అధికారిక యుద్ధ దినచర్యను వ్రాసే పని కూడా నాకే అప్పగించారు. రోజుకు ఐదు వాక్యాలు చాలు, విశేషణాలు వద్దన్నారు బ్రిగేడియర్ గారు. చరిత్ర ఐదు వాక్యాలలో ఇమడదని మనవి చేశాను. "అయితే నాలుగే రాయి" అన్నారు.

అందుకే ఈ రెండవ పుస్తకం.

మార్చి 21, గురువారం

సందు ఏర్పడింది. చేసినది శత్రువు, మా వరుసలో.

మార్చి 24, ఆదివారం

మూడు రోజులుగా వెనక్కి వస్తూనే ఉన్నాము. ఎక్కడ పదాతిదళం చెదిరిపోతే అక్కడికి మమ్మల్ని తోలుతున్నారు. గుర్రాలమీద చేరుకోవడం, దిగడం, నేలమీద బోర్లా పడుకొని కాల్చడం, మళ్ళీ ఎక్కి మరొక చోటికి పరుగెత్తడం. నలుగురు రౌతులలో ముగ్గురు తుపాకులతో ముందుకు పోతారు. నాలుగోవాడు నాలుగు గుర్రాల కళ్ళేలూ పట్టుకొని వెనక పల్లంలో నిలబడతాడు. ముందున్నవాడు ప్రాణాలు అరచేత పట్టుకొని పరుగెత్తి వచ్చేసరికి, తన గుర్రం తాను వదిలిన చోటనే ఉండాలి. మా యుద్ధమంతా ఆ నమ్మకం మీదనే నడుస్తున్నది.

పెండ్రిల్ దళంలో గుర్రాల బాధ్యత కార్పొరల్ ఈనక్ టారంట్‌ది. డార్సెట్ ప్రాంతంలో బండ్లు తోలిన మనిషి, నలభై దాటినవాడు. అతడు ఒక వాక్యం పూర్తిచేసేలోగా గుర్రానికి నాడా కొట్టించుకొని రావచ్చు. ఈ ఉదయం పెండ్రిల్‌తో మాట్లాడుతుండగా వచ్చి, నా గుర్రం ముందుకాలి నాడా వదులైందన్నాడు. కాలేదని మూడు నిదర్శనాలతో నిరూపించాను. "సరే సార్" అని వెళ్ళిపోయాడు. అర మైలు దూరంలో నాడా ఊడిపోయింది.

మార్చి 26, మంగళవారం

పెండ్రిల్ రాలేదు.

మార్చి 27, బుధవారం

యుద్ధ దినచర్యలో నిన్నటి తేదీ కింద నేను వ్రాసినది:

"శిఖరం మీది అడవిని పెండ్రిల్ దళం మధ్యాహ్నమంతా నిలబెట్టుకొని, నాలుగున్నరకు ఆజ్ఞ ప్రకారం వెనుదిరిగింది. సుద్దరాతి గోతిలో ఉండవలసిన గుర్రాలు అక్కడ లేవు. వాటిని కాపాడేవారు ఆజ్ఞ లేకుండా వాగు దాటించారు. పంతొమ్మిదిమంది తిరిగి రాలేదు."

నాలుగు వాక్యాలు. విశేషణం లేదు. వార్డ్‌లా పక్కన నిలబడి తొందరపెడుతున్నాడు. కాగితం మోటారు సైకిల్‌మీద పోవాలి. రెండు రోజులుగా నేను కన్ను మూయలేదు. ఇటువంటి కాగితాలను ఎవరూ చదవరు. యుద్ధం ముగిసిన ముప్పై ఏళ్ళకు ఎవడో పండితుడు దుమ్ము దులిపి చూస్తాడు.

ఆ వాగు మోకాలి లోతు. నిన్న గుర్రంమీద దాటినప్పుడు గమనించాను.

మార్చి 29, శుక్రవారం

చదివారు. టారంట్‌ను నిర్బంధించారు.

మార్చి 31, ఈస్టరు ఆదివారం

ఆరాధన ఒక కొట్టంలో జరిగింది. పాటలు పాడుతుంటే గుర్రాలు సకిలించాయి, ఎవరూ నవ్వలేదు.

వార్డ్‌లా చెప్పిన సంగతులు. శత్రువు సమక్షంలో ఆజ్ఞ లేకుండా స్థానం వదలినందుకు సైనిక న్యాయస్థానం; శిక్ష కాల్చివేత దాకా పోవచ్చు. ఎవరో ఆఫీసరు చెప్తేనే కదిలానన్నాడట టారంట్. ఎవరని అడిగితే నోరు మెదపలేదట. కళ్ళేలు పట్టుకొన్న మిగతా ఏడుగురూ గోతి అడుగున పేలుళ్ళకు బెదిరిన గుర్రాలతో పెనుగులాడుతున్నారు. గోతి అంచున ఎవరో గుర్రంమీద నిలబడ్డారని ఒకడు మాత్రం చూశాడు, ముఖం చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆ దారిని వెనక్కి పోయిన ఆఫీసర్లు యాభైమంది ఉంటారు.

"ఆఫీసరూ లేడు, గీఫీసరూ లేడు. భయపడి పారిపోయాడు. అంతే" అన్నాడు వార్డ్‌లా.

నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అంగీకారం కాదు. ఈ సూత్రం మీద ఒకప్పుడు నలభై నిమిషాలు మాట్లాడి గెలిచాను.

ఏప్రిల్ 2, మంగళవారం

నిందితుడి పక్షాన మాట్లాడడానికి ఒక ఆఫీసర్ని ఎంచుకొనే హక్కు నిందితుడికి ఉన్నది. టారంట్ నన్ను అడిగాడు.

బ్రిగేడియర్ గారు ఆ కాగితం నా చేతికిస్తూ, వాడు తెలివైనవాడే, బ్రిగేడ్‌లో నిన్ను మించిన వాగుడుకాయ లేడు అన్నారు.

ఇది బెదిరింపా? నా గొంతు పట్టుకోవడమా? పొద్దుటి నుంచి ఈ గదిలో గోడకూ గోడకూ మధ్య తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే బయటికి పోవాలనిపిస్తుంది, బయటికి పోతే గుర్రాల వరుస కనిపిస్తుంది.

ఏప్రిల్ 3, బుధవారం

టారంట్‌ను ఒక రైతు ఇంటి వెనక పనిముట్ల కొట్టులో ఉంచారు. తెగిన జీను పట్టీని కుట్టుకుంటూ కూర్చున్నాడు. సూది ఎవరిచ్చారని అడిగితే కాపలావాడే ఇచ్చాడన్నాడు. పట్టీ కూడా కాపలావాడిదేనట.

"కూర్చోండి సార్. ఆ పీట మీద వద్దు, దానికి కాలు లేదు."

నన్నే ఎందుకు కోరుకున్నావని నిలబడే అడిగాను.

"మీకు మాట వచ్చు సార్. ఆ రోజు నన్ను రెండు నిమిషాల్లో ఒప్పించేశారు. నన్ను ఒప్పించడం ఇరవై ఏళ్ళుగా మా ఆవిడ వల్లే కాలేదు." సూది లాగి దారం పళ్ళతో కొరికాడు. "అక్కడ తీర్పు చెప్పడానికి కూచునేది ముగ్గురే గదా."

ఆ ముఖంలో ఎగతాళి కోసం వెదికాను. లేదు. ఉండి ఉంటే ఎంత సులభంగా ఉండేది.

నా పేరు ఎందుకు చెప్పలేదని అడగడానికి కొంత సమయం పట్టింది. అతడికి జవాబు చెప్పడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

"మీరు చెప్పారు, నేను సరేనన్నాను సార్. సరేనన్నాక అది నా మాటే. మా పెండ్రిల్ సారు గుర్రాలు నాకు అప్పజెప్పారు గానీ మీకు కాదు గదా. నేను సరే అనకుండా ఉండాల్సింది."

"అనకపోతే ఏం చేసేవాడివి?"

"అనేవాణ్ణే సార్. సరే సరే అని, మీరు అటు పోగానే అక్కడే ఉండిపోయేవాణ్ణి. మా ఆవిడతో అంతే చేస్తాను."

తరవాత తన పొలంలో బండి గుర్రాన్ని ఇప్పుడు ఎవరు చూస్తున్నారో చెప్పాడు. నేను వినలేదు.

ఏప్రిల్ 5, శుక్రవారం

వాదన సిద్ధమైంది. తొమ్మిది పుటలు. నేను ఇంతవరకు తయారుచేసిన వాదనలన్నిటిలోకి ఇది ఉత్తమమని నిస్సంకోచంగా చెప్పగలను. ఆ రోజు గందరగోళంలో ఆజ్ఞలు పరస్పర విరుద్ధంగా తిరుగుతున్నాయనడానికి ఏడు ఉదాహరణలు సేకరించాను. పారిపోవాలనుకొన్నవాడు ముప్పై గుర్రాలనూ వరుస చెదరకుండా నడిపించుకుపోడు. గుర్తు తెలియని ఆఫీసరు ఒకడు ఉండి ఉండడం సంభావ్యమే గాక, ఆ దారిలో జనసమ్మర్దాన్ని బట్టి దాదాపు అనివార్యం.

నా పేరు ఇందులో లేదు. వాదన దృష్ట్యా అవసరం లేదు. పైగా నేను సాక్షినైతే వకాల్తా వదులుకోవలసి వస్తుంది. అప్పుడు టారంట్‌కు ఉన్న ఏకైక సమర్థుడైన వక్త పోతాడు. అందుచేత నేను నిజం చెప్పడం నిందితుడికే హాని. ఈ తర్కంలో లోపం నాకు కనిపించడం లేదు.

రెండుసార్లు చదువుకొన్నాను. కనిపించడం లేదు.

ఏప్రిల్ 6, శనివారం

సుద్దగోతి దగ్గరనుంచి నేను నేరుగా పెండ్రిల్ వద్దకే వెళ్ళాను. ఈ పుస్తకంలో ఇంతవరకు ఆ సంగతి వ్రాయలేదు. అడవి అంచున ఒక పడిపోయిన చెట్టు వెనక బోర్లా పడుకొని ఉన్నాడు, ముఖమంతా మసి. నాలుగున్నరకు వెనక్కి రావాలన్న ఆజ్ఞ చెప్పాను. నియమం ప్రకారం ఆ మాటలే నాకు తిరిగి అప్పజెప్పాడు. ఆ తరవాత, "గుర్రాలెలా ఉన్నాయిరా?" అని అడిగాడు.

"భద్రంగా ఉన్నాయి" అన్నాను.

అప్పటికి అవి వాగు వైపు నడుస్తున్నాయి. చెప్తే వాదిస్తాడు, వాదించే వ్యవధి లేదు, వాదిస్తే ఓడిస్తాడు.

నేను చెప్పినది అబద్ధం కాదు.

ఏప్రిల్ 7, ఆదివారం

అది అబద్ధం కాదని ఈ రోజు నాకు నేనే నాలుగుసార్లు నిరూపించుకొన్నాను. నిజమైన మాటకు ఇన్ని నిరూపణలు అక్కరలేదు.

ఏప్రిల్ 8, సోమవారం

ఉన్నది ఉన్నట్లు వ్రాస్తాను.

బడిగదిలో జరిగింది. నల్లబల్లమీద ఫ్రెంచి పిల్లల కూడికలు ఇంకా చెరగలేదు. ముగ్గురు న్యాయనిర్ణేతలలో పెద్ద, మరొక బ్రిగేడ్‌కు చెందిన మేజర్ హెస్కెత్. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు, మాటలో మొహమాటం లేదు. నేరారోపణ వినిపించినవాడు వార్డ్‌లా. అతడు చూపించిన సాక్ష్యం ఒక్కటే: బ్రిగేడ్ యుద్ధ దినచర్య, మార్చి ఇరవై ఆరు. నా నాలుగు వాక్యాలను బిగ్గరగా చదివాడు. ఎంత శుభ్రంగా ఉన్నాయి ఆ వాక్యాలు. మూడవ దాని దగ్గర మేజర్ కలం ఆపి టారంట్ వైపు చూశాడు. ఆ చూపుతో తీర్పు అయిపోయిందని నాకు తెలిసింది.

నా వంతు వచ్చింది. లేచాను. తొమ్మిది పుటలూ చేతిలో ఉన్నాయి. మొదటి వాక్యం నోటిదాకా వచ్చింది కూడా. బెంచీమీద టారంట్, చిన్నపిల్లల బెంచీ కావడంవల్ల మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, గొప్ప వేడుక మొదలవబోతున్నదన్నట్లు నావైపు చూస్తున్నాడు. నా మాటమీద అంత నమ్మకం నాకు ఎన్నడూ లేదు.

పుటలు బల్లమీద పెట్టి, ఆ ఆఫీసర్ని నేనే, సాక్ష్యం చెప్పడానికి అనుమతించండి అన్నాను. గోతి దగ్గర ఏం జరిగిందో, తరవాత పెండ్రిల్‌తో ఏమన్నానో, అన్నీ చెప్పాను. నా జీవితంలో ఇంత అధ్వాన్నంగా ఎన్నడూ మాట్లాడలేదు. మాట మాటకూ తడబడ్డాను. చెప్పినదే మళ్ళీ చెప్పాను.

నమ్మలేదు.

మేజర్ హెస్కెత్ దయగానే అన్నాడు: "చూడబ్బాయ్. నీ మనిషిని కాపాడుకోవాలని నీకు ఉంది. మెచ్చుకోవలసిందే. కానీ ఆజ్ఞ లేకుండా అని రాసింది నువ్వే గదా? అప్పుడు లేని ఆఫీసరు ఇప్పుడెక్కణ్ణించి వచ్చాడు?"

అప్పుడు అబద్ధం వ్రాశానన్నాను.

"గురువారం ఒకటి, ఆదివారం దానికి ఎదురు. మా మెస్సులో ఇది మామూలే సార్" అన్నాడు వార్డ్‌లా. నామీద కోపంతో కాదు. నేను ఒక సాహసం చేస్తున్నాననీ, దాని బారినుంచి నన్ను తప్పించాలనీ అతడి ఉద్దేశం. స్నేహంగానే అన్నాడు.

మేజర్ కాగితాలు సర్దసాగాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. నా దగ్గర నిదర్శనం లేదు, సాక్షి లేడు, మాటకు విలువ లేదు. వెనక్కి తిరిగి టారంట్‌నే అడిగాను: ఆ రోజు ఆఫీసరు ఏమన్నాడో చెప్పు, పేరు వద్దు, మాటలు మాత్రం.

టారంట్ లేచి నిలబడ్డాడు. చేతులు ప్యాంటు కుట్లకు ఆనించి, ఎదురుగా ఉన్న గోడవైపు చూస్తూ, పాఠం ఒప్పజెప్పేవాడి గొంతుతో, ఒక్కొక్క మాటే దించుతూ చెప్పాడు.

"మొదటిది, శత్రువు ఫిరంగులకు ఈ గోతి దూరం దొరికిపోయింది, రెండు గుండ్లు అంచున పడ్డాయి, మూడవది తప్పదు. రెండవది, మనిషి పోతే మరొక మనిషి వారంలో వస్తాడు, తర్ఫీదు పొందిన గుర్రం ఆరు నెలలకు గాని రాదు. మూడవది, ఇక్కడినుంచి వాగు దాకా పల్లంలో నడక ఏడు నిమిషాలు. శత్రువుకు అడవిని దాటడానికి ఇరవై నిమిషాలు. కనుక మిగులు పదమూడు. నాల్గవది..." ఇక్కడ ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నాల్గవది, ఇక్కడే ఉండి గుర్రాలు చస్తే బాధ్యత నీది. కదిలాక ఏం జరిగినా బాధ్యత నాది."

అడవిగుండా రాలేదు శత్రువులు. పక్క దారిన వచ్చారు. నాలుగు నిమిషాలు పట్టింది.

ఆ వాక్యాల బిగువు, ఆ "కనుక", ఆ తూకం, నా సొంత గొంతు డార్సెట్ యాసలో నడిచి వచ్చి నా ఎదుట నిలబడింది. వార్డ్‌లా తల దించుకొన్నాడు. మెస్సులో వారం వారం విన్నవాడు అతడే గదా.

అంత పొడుగు మాట ఎలా గుర్తుందని మేజర్ అడిగాడు.

"నోటి ఆజ్ఞ వస్తే తిరిగి చెప్పాలి గదా సార్. అది రూలు. ఆ సారు ఆగలేదు, గుర్రాన్ని తోలుకుపోయారు. అందుకని వాగు దాకా గుర్రాలకే చెప్పుకుంటూ పోయాను."

మేజర్ కలం కింద పెట్టాడు. నావైపు తిరిగి, "రెండో కారణం. మనిషి వారంలో వస్తాడన్నావు. వచ్చాడా?" అని అడిగాడు.

రాలేదన్నాను.

టారంట్ నిర్దోషి.

ఏప్రిల్ 10, బుధవారం

యుద్ధ దినచర్యను నా చేతినుంచి తీసేశారు. నా సంగతి తరవాత తేలుస్తామనీ, ఇప్పుడు మాత్రం ఆఫీసర్లు లేరనీ చెప్పి, బ్రిగేడియర్ గారు నన్ను పెండ్రిల్ దళానికి పంపారు. దళమంటే పదకొండుమంది పాతవాళ్ళు, ఈ ఉదయం వచ్చిన ఆరుగురు కొత్తవాళ్ళు, ముప్పై గుర్రాలు. పాతవాళ్ళు వందనం చేస్తారు. మాట్లాడరు.

టారంట్ మాత్రం వరుస వెంబడి నడుస్తూ ఒక్కొక్క గుర్రాన్నీ పేరుతో పరిచయం చేశాడు. చివర, పెండ్రిల్ ఎక్కిన బూడిదరంగు గుర్రం దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు: "మీరు చెప్పింది ఒకటి మాత్రం నిజమే సార్. ఒక్క గుర్రం కూడా పోలేదు."

తిట్టినా బాగుండేది. అతడు తిట్టలేదు, సంగతి చెప్పాడు.

ఏప్రిల్ 12, శుక్రవారం

ఉత్తరాన మరొక చోట మా వరుస తెగింది. తెల్లవారకముందే బయలుదేరి, తొమ్మిదింటికి ఒక ఇటుకబట్టీ దగ్గర దిగాము. తుపాకులవాళ్ళు ముందుకు వెళ్ళారు. గుండ్లు పడుతున్నాయి, మరీ దగ్గరగా కాదు. గుర్రాలకు రెండు చోట్లు కనిపించాయి: వెనక ఎత్తైన కట్ట చాటు, భద్రం; లేదా ముందు బట్టీ గోడ వెనక, మనవాళ్ళకు వంద గజాల దూరం. కట్టను సమర్థిస్తూ మూడు కారణాలు నాలుకమీదికి వచ్చేశాయి. మంచి కారణాలు.

"ఎక్కడ పెడదాం?" అని టారంట్‌ను అడిగాను.

ఇందులో ఏదో ఉచ్చు ఉందన్నట్లు నన్ను కాసేపు చూశాడు. తరవాత గోడ వైపు చెయ్యి చూపించాడు.

"కార్పొరల్ చెప్పిన చోట, బట్టీ గోడ వెనక" అని తిరిగి అప్పజెప్పాను. "సరేనా?"

"సరే సార్" అని కళ్ళేలు అందుకున్నాడు. నేను ఈసారి ఆగకుండా వెళ్ళిపోలేదు. చివరి గుర్రం గోడ వెనక్కి చేరేదాకా నిలబడి, అప్పుడు ముందువాళ్ళ దగ్గరికి పరుగెత్తి, గుర్రాలు ఎక్కడున్నాయో ఒక్కొక్కడికీ చెప్పాను.